మేకు పుండు

ఇలా దగ్గరికి జరగండి. గుమ్మంలో నిలబడి వినే కథ కాదిది. నోట్లో ఏదైనా నములుతూ ఉంటే ఉమ్మేసి వచ్చి కూర్చోండి. ఎందుకన్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

కోడలు గ్యాసు బండకున్న రెగ్యులేటరు ఊడబెరికి, ఒళ్ళో పెట్టుకుని మెట్ల మీద కూర్చుందని పోయిన వారం చెప్పాను కదా. ఇంకా అక్కడే కూర్చుని ఉంది.

పైన ఇల్లు, కింద కార్ఖానా, నడుమ ఇనప మెట్లు. సోఫాలకూ కుర్చీలకూ మెత్తలు వేసే కార్ఖానా అది. ఇంటిల్లిపాదికీ పనివాళ్ళందరికీ కలిపి ఒకటే పొయ్యి. ముందురోజు పొద్దున్న ఆరిన ఆ పొయ్యి మళ్ళీ వెలగలేదు. కోడలు సరిగ్గా నడిమెట్టు మీద బైఠాయించింది కాబట్టి, పైవాళ్ళు దిగాలన్నా కిందివాళ్ళు ఎక్కాలన్నా ఆమె భుజం పక్కనుంచి ఒదిగి ఒదిగి వెళ్ళాల్సిందే.

అత్తగారు పై గుమ్మంలోకి వచ్చి నడుం మీద చెయ్యేసుకుంది.

"ఏమే, ఇంకా ఎంతసేపే ఈ కాపలా?"

"మీ అబ్బాయి నోరు తెరిచి చూపించేదాకా అత్తయ్యా. ఆయన నోరు తెరిస్తే నేను పొయ్యి వెలిగిస్తాను."

"మొగుడు నోరు తెరవట్లేదని ఏడ్చే పెళ్ళాన్ని నిన్నే చూశాను తల్లీ! మీ మామయ్య ఒక్కపూట నోరు మూసుకుంటే చాలని నేను కనిపించిన దేవుడికల్లా దణ్ణం పెట్టుకున్నాను."

కోడలికి నవ్వొచ్చింది. నవ్వితే పట్టు సడలిపోతుందని పెదవి కొరుక్కుంది.

ముసలావిడ మాట కటువే గానీ మనసు వెన్న. రెండు మెట్లు దిగి, కొంగు చాటునుంచి నల్ల పళ్ళపొడి డబ్బీ తీసి ఇచ్చింది. "కడుపులో ఏమీ పడలేదు. కాస్త ఇదైనా అద్దుకో, నీరసం తెలీదు."

అత్తాకోడళ్ళిద్దరికీ ఆ పొడి వేలితో కింది పెదవి లోపల అద్దుకుంటే గానీ పొద్దు పొడవదు. కాపురానికొచ్చిన కొత్తలో పన్ను సలిపితే అత్తగారే అలవాటు చేసింది. ఆ ఘాటుకు తల కాస్త తేలిపోతుంది, ఆకలి అణిగిపోతుంది. కోడలు అద్దుకుని, వేలు తుడుచుకుని, రెగ్యులేటరు ఒళ్ళో సర్దుకుంది.

అంతలో కింద నుంచి స్ప్రింగు వచ్చాడు. సోఫాల్లో స్ప్రింగులు కట్టే మనిషి. నడిచినా ఎగురుతున్నట్టే ఉంటాడని ఆ పేరు.

"అక్కా, నీకూ మేస్త్రిగారి నోటికీ తగువు. మధ్యలో మా పొట్టలేం పాపం చేశాయక్కా?"

"ఆ మాట వెళ్ళి ఆయన్నే అడుగు."

"అడిగాం. గుప్పెడు మేకులు నోట్లో పోసుకున్నాడు."

అదీ ఆమె మొగుడు చిన్న మేస్త్రి విద్య. మెత్తలపని వాళ్ళకు నోరే మేకుల పెట్టె. గుప్పెడు బుల్లి మేకులు బుగ్గలో పోసుకుని, నాలుకతో ఒక్కొక్కదాన్నీ తిప్పి, తల ముందుకొచ్చేలా పెదవుల మధ్య నిలబెడతారు. అయస్కాంతం సుత్తి దాన్ని ముద్దు పెట్టుకున్నట్టు అందుకుని టక్కున దించుతుంది. ఆ మేకులు నోట్లో ఉన్నంతసేపూ మనిషి మాట్లాడనక్కర్లేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ చిన్న మేస్త్రికి నచ్చని మాట ఎప్పుడు వచ్చినా మేకుల గిన్నె మీదికే చెయ్యి పోయేది. ఆయన కాపురమంతా ఆ గిన్నె చాటున సాగిందంటే అబద్ధం కాదు.

అలా మేకులు పట్టే నోట్లో ఎప్పుడో ఒకప్పుడు పుండు పడుతుంది. దానికి కార్ఖానాలో ఒక పేరుంది, మేకు పుండు. పడనివాడు పనివాడే కాదంటారు. ఉప్పునీళ్ళు పుక్కిలించి మళ్ళీ సుత్తి అందుకుంటారు. ఎవరి నోట్లో ఏ మంట పుట్టినా, ఏ మచ్చ వచ్చినా, ఆ పేరు పెట్టేసి వదిలేస్తారు.

చిన్న మేస్త్రికి ఆ పుండు పడి చాలా రోజులైంది. ముందు కారం మానేశాడు. తర్వాత గట్టి పదార్థాలు మానేశాడు. ఇప్పుడు ఏది తిన్నా ఒకవైపే నములుతున్నాడు. నోరు చూపించమంటే మాత్రం ఊఁ అనడు, ఆఁ అనడు.

"పళ్ళ డాక్టరమ్మ ఎప్పుడొస్తానంది?" కోడలు గొంతు తగ్గించి అడిగింది.

"మధ్యాహ్నం. కుర్చీ తయారైందా లేదా చూసుకోవడానికి తనే వస్తానంది. నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను, మీ అద్దం, టార్చీ కూడా తెచ్చుకోండి అని. నన్ను వింతగా చూసిందక్కా."

"చూడనీ. మనల్ని ఎవరో ఒకరు చూడాలిగా."

కోడలు రెగ్యులేటరు చంకలో పెట్టుకుని లేచింది. మెట్లు దిగింది.

కార్ఖానాలో కొబ్బరిపీచు వాసన, జిగురు వాసన. ఒక గోడకు స్పాంజి దిండ్లు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. మధ్యలో పళ్ళ డాక్టరమ్మ కుర్చీ ఉంది. రోగులు వెల్లకిలా పడుకునే పొడుగాటి కుర్చీ. పాత తోలు చిరిగిపోతే కొత్త రెగ్జిన్ వేయించడానికి పంపింది. పనంతా అయిపోయింది. తల ఆనే చోట వెనకవైపు అంచుకు నాలుగు మేకులు దించితే చాలు. ఆ నాలుగూ చిన్న మేస్త్రి దించడం లేదు.

ఎందుకో కోడలికి తెలుసు. మామగారు బతికున్నప్పుడు పెట్టిన నియమం ఒకటి ఆ కార్ఖానాలో ఇప్పటికీ నడుస్తోంది. ఏ కుర్చీకైనా ఆఖరి మేకు దించినవాడే ముందు అందులో కూర్చోవాలి. కూర్చుని, ఒళ్ళు వాల్చి, గుచ్చుకోవడం లేదని చెబితేనే అది గడప దాటుతుంది. ఈ కుర్చీలో కూర్చుంటే నోరు తెరవాల్సి వస్తుందేమోనని ఆయన భయం.

చిన్న మేస్త్రి పక్కన స్టూలు వేసుకుని ఏదో పాత కుర్చీ మీద పని చేసుకుంటున్నాడు. ఆమె అడుగుల చప్పుడు వినగానే గిన్నెలో చెయ్యి పెట్టి గుప్పెడు మేకులు నోట్లో పోసుకున్నాడు.

"పోసుకోండి. నేను మాట్లాడతాను, మీరు వినండి. చెవుల్లో పోసుకోలేరుగా."

పనివాళ్ళు తలలు దించుకున్నారు. నవ్వు దాచుకోవడానికని వేరే చెప్పక్కర్లేదు.

"అమ్మాయ్!" మూలనుంచి పెద్ద మేస్త్రి గొంతు వచ్చింది. ఆమెకు బావగారు, మొగుడికి అన్న, కార్ఖానాకు యజమాని. ఆయన మాట ఎప్పుడూ పళ్ళ సందునుంచే వస్తుంది. కోపం మనిషి కాబట్టి అలా అనుకునేవారు. పొగాకు ముట్టడు, జేబులో వక్కపలుకులు మాత్రం అయిపోకుండా చూసుకుంటాడు. "అమ్మాయ్, ఇది పనిచేసే చోటు. వాడికొచ్చింది మేకు పుండు. మా నాన్నకొచ్చింది, నాకొచ్చింది, అందరికీ వస్తుంది, పోతుంది."

"పీచు బాబాయికి పోయిందా బావగారూ?"

సుత్తులన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

గోడవారగా ఒక స్టూలు ఖాళీగా ఉంది. మెత్తల్లో పీచు కూరే బాబాయిది. ఆయన పోయి ఏడాదవుతోంది. ఆ స్టూలు మీద ఎవరూ కూర్చోరు, తీసి పక్కన పెట్టరు. ఆయన నోట్లో పుండు పడితే ఇదే మూలనుంచి ఇదే గొంతు మేకు పుండే అంది, ఉప్పునీళ్ళు పుక్కిలించమంది. ఆస్పత్రికి వెళ్ళేసరికి అది దవడ దాటిపోయింది.

పెద్ద మేస్త్రి జేబులోంచి ఒక పలుకు తీసి నోట్లో వేసుకున్నాడు.

కోడలు మొగుడి ఎదుటికి వెళ్ళి నిలబడింది. ఆయన తల ఎత్తలేదు. పెదవుల మధ్యకు ఒక మేకు వచ్చింది, సుత్తి అందుకుంది. ఇంకొకటి వచ్చింది. ఆమె చూస్తూ నిలబడింది. ఎన్నేళ్ళుగానో చూసిందే. కానీ చూడటం వేరు, కనబడటం వేరు కదా.

మేకులతో ఉబ్బింది కుడి బుగ్గ. మేకు మేకుకూ మధ్య ఆయన ఎడమ చెయ్యి వెళ్ళి నొక్కుకుంటున్నది ఎడమ బుగ్గ.

"ఏవండీ, మేకులు పట్టేది ఏ బుగ్గలో?"

సుత్తి ఆగింది.

"కుడి బుగ్గలో. మీరు సుత్తి పట్టినప్పటినుంచీ కుడి బుగ్గే. మరి పుండేమో ఎడమ బుగ్గలో పడింది. ఎడమ బుగ్గలోకి మేకు ఎలా వెళ్ళిందండీ? దారి తప్పిందా?"

స్ప్రింగు నోరు వెళ్ళబెట్టాడు. ఆమె ఆగలేదు.

"ఎడమ బుగ్గలో మీరు పెట్టేది ఒక్కటే. చొక్కా జేబులో ఉన్న డబ్బీ. పొద్దున్న పొగాకు, మధ్యాహ్నం పొగాకు, నాతో మాట పడితే మళ్ళీ పొగాకు. పాపం మేకుల మీద పెట్టారు నింద. నోరు లేనివి కాబట్టి ఊరుకున్నాయి."

చిన్న మేస్త్రి లేచాడు. నోట్లో మేకులన్నీ గిన్నెలోకి గలగలా ఉమ్మేసి, ఎవరివైపూ చూడకుండా స్పాంజి దిండ్ల వెనక్కి వెళ్ళిపోయాడు. ఆమె వెనకే వెళ్ళింది.

అక్కడ ఇద్దరు నిలబడితే మూడోవాడికి చోటుండదు. ఆయన గోడవైపు తిరిగి నిలబడ్డాడు. 

"తెరిస్తే ఏముందో తెలిసిపోతుంది," అన్నాడు.

"తెలియాలనే కదా."

"తెలిశాక మళ్ళీ తెలియనట్టు ఉండలేం కదే."

  "ఇప్పుడు తెలియనట్టు ఉన్నారా? స్నానాలగదిలో అద్దం ముందు టార్చి లైటు వేసుకుని ఏం చూస్తున్నారు రోజూ? మీసాలా?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. ఆమె చూసిందని ఆయనకు తెలియదు.

"బాబాయిని చూశావుగా," అన్నాడు మెల్లగా.

"చూశాను. ముక్కులో గొట్టం పెడితే దాంట్లోంచి జావ పోసింది నేనే. పెద్దాయన, నాన్నలాంటివాడు, పోశాను. మీకు మాత్రం పొయ్యను. విన్నారా? మీరు కంచం ముందు కూర్చుని, ఉప్పు తక్కువైందని నన్ను తిట్టుకుంటూ, నమిలి తినాలి. అలా తినే మనిషికే నా వంట. రెండు వారాలు దాటినా మానని పుండు ఏదైనా సరే వెంటనే చూపించమంది డాక్టరమ్మ. మీది దాటి ఎన్ని వారాలైంది?"

 బయట నుంచి స్ప్రింగు దగ్గు వినిపించింది. దగ్గు రాని మనిషి దగ్గితే ఎవరో వచ్చారని అర్థం.

డాక్టరమ్మ చేతిసంచీతో గుమ్మంలో నిలబడి ఉంది. చిన్నపాటి మనిషి, జుట్టు సగం నెరిసింది. పెద్ద మేస్త్రి ఎదురెళ్ళాడు.

"కుర్చీ రేపు పంపుతామండీ. ఇంకా నాలుగు మేకులున్నాయి."

"నాలుగు మేకులకు రేపటిదాకానా?" అందావిడ.

"కొట్టేవాడికి తీరిక లేదు."

"నాకు తీరికే," అంది కోడలు.

పని ఎక్కువైనప్పుడల్లా కిందికి దిగి చెయ్యి వేసే మనిషి ఆమె. సుత్తి కొత్త కాదు. రెగ్యులేటరు స్ప్రింగు చేతిలో పెట్టి, మొగుడి గిన్నెలోంచి నాలుగు మేకులు తీసి నీళ్ళతో కడిగి నోట్లో పెట్టుకుంది. ఆయన దిండ్ల వెనక నుంచి వచ్చి చూస్తూ నిలబడ్డాడు. టక్కు, టక్కు, టక్కు. ఆఖరి మేకు దించి, అంచు మీద అరచెయ్యి రాసి చూసింది.

"ఆఖరి మేకు నాది. నియమం ప్రకారం ముందు కూర్చోవాల్సింది నేను. బావగారూ, కాదంటారా?"

మామగారి నియమాన్ని పెద్ద మేస్త్రి ఎలా కాదంటాడు? పళ్ళు నూరుకున్నాడు.

ఆమె కుర్చీలో వాలింది. పైన కప్పు కనబడింది. "డాక్టరమ్మా, ముందు నా నోరు చూడండి. ఇందులో కోసేదీ లేదు, నొప్పీ లేదని ఈ మహానుభావుడు కళ్ళారా చూడాలి. సింహాన్ని ఎదిరించేవాళ్ళు కూడా పళ్ళ డాక్టరంటే పారిపోతారట."

డాక్టరమ్మ నవ్వి చేతులకు తొడుగులు వేసుకుంది. టార్చి వెలిగించి చిన్న అద్దంతో బుగ్గలు చూసింది. నాలుక చివర గుడ్డతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, నాలుక కింద చూసింది. దవడ కింద, మెడ పక్కన వేళ్ళతో తడిమింది. పనివాళ్ళు ఒకరి భుజం మీంచి ఒకరు తొంగిచూశారు.

చివరికి కింది పెదవి ముందుకు లాగింది.

అక్కడ టార్చి ఆగింది. పక్కకు జరగలేదు.

అప్పటిదాకా ఉన్న నవ్వు డాక్టరమ్మ మొహంలోంచి ఎక్కడికో పోయింది. కోడలు కప్పు చూడటం మాని ఆ మొహం చూసింది.

"పళ్ళు దేంతో తోముకుంటారమ్మా?"

"పళ్ళపొడితో."

"ఏ పొడి? ఉంటే చూపించండి."

మెట్ల మీదినుంచి అత్తగారే డబ్బీ తెచ్చి ఇచ్చింది. డాక్టరమ్మ మూత తీసి వాసన చూసింది. "ఇందులో ఉన్నది పొగాకు. కాల్చి నూరిన పొగాకు."

"పొగాకా? అది పళ్ళపొడండీ!" అంది ముసలావిడ. "మా ఇంట్లో ఆడవాళ్ళం పొగాకు ముట్టం."

"నమలకపోయినా, కాల్చకపోయినా, పెదవి లోపల పెట్టుకుంటే పొగాకు పొగాకేనమ్మా. ఇదిగో, పొడి అద్దుకునే చోటే చర్మం తెల్లగా ముడతలు పడింది. ఇక్కడ నొప్పేమైనా ఉందా?"

"లేదు," అంది కోడలు.

"ఉండదు. అందుకే ఎవరూ చూసుకోరు. భయపడకండి, ఇది క్యాన్సరని నేననట్లేదు. ఈ పొడి మానేస్తే ఇలాంటివి చాలావరకు తగ్గుతాయి. కానీ నా కళ్ళ ముందు ఉండాలి. రెండు వారాల్లో మళ్ళీ రావాలి. తగ్గకపోతే చిన్న ముక్క తీసి పరీక్ష చేయించాలి."

 పక్కనుంచి చిన్న మేస్త్రి గొంతు వినిపించింది.

"నా డబ్బీ ఎన్నిసార్లు కాలవలో విసిరేశావే? వీధి వీధంతా వినేలా అరిచావు. ఇప్పుడు నీ డబ్బీ సంగతేంటి?"

నిజమే. ఎంత నిజమంటే ఆమెకు కుర్చీలోంచి లేచి పైకి పారిపోవాలనిపించింది. చెవులు వేడెక్కాయి. అరిచిన మాటలన్నీ తిరిగొచ్చి ఒక్కొక్కటీ తన మీదే పడ్డాయి. ఒక్క క్షణం, నోరు మూసేసుకుని లేచిపోతే ఏమవుతుందో కూడా కనబడింది. ఆమె లేస్తే ఆయన గెలిచినట్టు. ఆయన గెలిస్తే ఖాళీ స్టూళ్ళు రెండవుతాయి.

లేవలేదు. డాక్టరమ్మవైపు చెయ్యి చాపి డబ్బీ తీసుకుంది.

"మీరన్నది నిజం. నేను గుడ్డిదాన్ని. మీ బుగ్గలో దూలం చూశాను, నా పెదవి కింద నలుసు చూసుకోలేదు. ఇదిగో నా డబ్బీ, మీ చేత్తోనే పారెయ్యండి. మళ్ళీ నా చేతిలో కనిపిస్తే వీధి వీధంతా వినేలా మీరు అరవండి, నేను పడతాను. ఇప్పుడు మీ డబ్బీ నా చేతిలో పెట్టండి."

చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. కాస్త వణికింది కూడా. చిన్న మేస్త్రి ఆ వణుకు చూశాడు. పెళ్ళాం అరవడం ఆయన చాలా చూశాడు. వణకడం చూడలేదు.

జేబులోంచి డబ్బీ తీశాడు. ఆమె చేతిలో పెట్టి, ఆమె డబ్బీ తీసుకున్నాడు.

"లేవ్వే. ఇక నా వంతు."

"ఒరేయ్!" పెద్ద మేస్త్రి అడ్డం వచ్చాడు. "చూపించావంటే ఊరుకోరు. కోస్తామంటారు. కత్తి తగిలిందంటే అది పాకుతుంది. బాబాయి అలాగే పోయాడు."

కోడలు కుర్చీ దిగుతూనే తిరిగింది. "బాబాయి కత్తి తగిలి పోలేదు బావగారూ. కత్తి తగలాల్సినప్పుడు తగలక పోయాడు. ఆ ఆలస్యం ఎవరి మాట విని జరిగిందో ఆ స్టూలుకు తెలుసు."

"అమ్మాయ్, నోరు అదుపులో పెట్టుకో!"

"పెట్టుకోను. ఈ ఇంట్లో అందరూ నోళ్ళు అదుపులో పెట్టుకునే ఇక్కడిదాకా వచ్చాం."

"కార్ఖానా నాది. నా తమ్ముడి ఒంటి మీద కత్తి పడనివ్వను."

చిన్న మేస్త్రి అప్పటికే కుర్చీలో వాలాడు. అన్న మొహంలోకి చూశాడు. "కార్ఖానా నీదే అన్నయ్యా. నోరు నాది," అన్నాడు. అని, తెరిచాడు.

ఎన్నో రోజులుగా మూసి ఉన్న తలుపు తెరిచినట్టు దవడ మెల్లగా, నొప్పిగా తెరుచుకుంది. డాక్టరమ్మ తొడుగులూ అద్దమూ మార్చుకుని టార్చి వేసింది. ఈసారి ఎవరూ తొంగిచూడలేదు. కోడలు మొగుడి కాళ్ళ దగ్గర నిలబడి ఆయన పాదం పట్టుకుంది, చల్లగా ఉంది.

డాక్టరమ్మ పుండు చుట్టూ వేలితో నొక్కింది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మెడ తడిమింది, ఒకచోట ఆగి మళ్ళీ తడిమింది. తొడుగులు తీసేసి మాట్లాడింది.

"ఇది మేకు గుచ్చుకున్న పుండు కాదు. అంచులు గట్టిపడ్డాయి. అదేంటో కంటితో చూసి నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపితేనే తెలుస్తుంది. పెద్దాస్పత్రిలో నాకు తెలిసిన సర్జనుకు రాసిస్తాను. రేపే వెళ్ళండి. ఎల్లుండి కాదు."

"క్యాన్సరా?" ఆయన అడిగాడు. ఆ మాట ఆ కార్ఖానాలో బయటికి అనడం అదే మొదలు. బాబాయి విషయంలో కూడా ఆ జబ్బు అనే ఊరుకున్నారు.

"కావచ్చు. కాకపోవచ్చు. అయినా కూడా, దవడ దాకా వెళ్ళకముందే పట్టుకుంటే పట్టుకున్నట్టే. బాగుపడ్డవాళ్ళను నేను చాలామందిని చూశాను. ఆ పొగాకు మాత్రం ఈ క్షణం నుంచి లేదు."

చిన్న మేస్త్రి తల ఊపాడు. చెయ్యి అలవాటుగా మేకుల గిన్నెవైపు వెళ్ళింది. సగం దూరంలో ఆగింది. వెనక్కి వచ్చి పెళ్ళాం చెయ్యి పట్టుకుంది.

"ఆకలేస్తోందే," అన్నాడు.

ఆమె ఇంకొక్క మాట మాట్లాడితే ఒట్టు. స్ప్రింగు చేతిలోంచి రెగ్యులేటరు లాక్కుని మెట్లెక్కింది. ఎవరూ చూడని వంటింట్లోకి వెళ్ళాక, గ్యాసు బండ మీద తల ఆనించి కాసేపు ఏడ్చింది. కళ్ళు తుడుచుకుని రెగ్యులేటరు బిగించింది. నీలం మంట లేచింది. అత్తగారు గుమ్మంలో నిలబడి పెదవి మీద వేలు పెట్టుకుంది, అంతా తన తప్పేనన్నట్టు.

"మీరూ వెళ్ళండి అత్తయ్యా. వెళ్ళి ఆ కుర్చీలో కూర్చోండి."

"నాకు పళ్ళే లేవు కదే."

"పెదవులున్నాయిగా. నన్ను తిడుతున్నారుగా వాటితోనే."

ముసలావిడ ముక్కు చీదుకుంటూ మెట్లు దిగింది.

కింద ఇప్పుడు సందడి మారిపోయింది. పనివాళ్ళంతా వరస కట్టారు. డాక్టరమ్మ మూడు వేళ్ళు నిలువుగా పేర్చి చూపించి, మీ మూడు వేళ్ళూ ఇలా నోట్లో పడుతున్నాయో లేదో చూసుకోండి అంది. పడకపోతే లోపల ఏదో బిగుసుకుపోతున్నట్టేనట. వక్క అదేపనిగా నమిలేవాళ్ళకు ఎక్కువట. స్ప్రింగు నాలుగు వేళ్ళు దూర్చి చూపించి, నాదో సొరంగం అన్నాడు. అందరూ నవ్వారు.

ఆ నవ్వులు విని కోడలు గరిటె పట్టుకునే మెట్ల మీదికి వచ్చి కిందికి తొంగిచూసింది.

పెద్ద మేస్త్రి గుంపుకు దూరంగా, గోడవైపు తిరిగి నిలబడి ఉన్నాడు. ఎవరూ చూడటం లేదనుకుని మూడు వేళ్ళు పెదవుల దగ్గరికి తీసుకెళ్ళాడు. పట్టలేదు. రెండు పెట్టి చూశాడు. రెండూ పట్టలేదు. ఇన్నేళ్ళూ ఆయన మాట పళ్ళ సందునుంచి ఎందుకొచ్చేదో కోడలికి అప్పుడు తెలిసింది. అది కోపం కాదు.

"పెద్ద మేస్త్రిగారూ, ఇక మీరే!" స్ప్రింగు పిలిచాడు.

పెద్ద మేస్త్రి గిర్రున తిరిగాడు. తల పైకెత్తాడు. మెట్ల మీద కోడలు కనబడింది. ఆమె చూసిందని ఆయనకు తెలిసింది. ఆయనకు తెలిసిందని ఆమెకు తెలిసింది. ఇద్దరూ రెప్ప వేయలేదు.

తమ్ముడి గిన్నెలోకి చెయ్యి పెట్టాడు. ఒక్కొక్కటిగా, ఇరుకు సందులోంచి బలవంతంగా తోసుకుంటూ, మేకులు నోట్లో నింపుకున్నాడు.

కోడలు లోపలికి వెళ్ళింది. అప్పుడే ఉడుకు పట్టిన గిన్నె కింద మంట ఆర్పింది. రెగ్యులేటరు ఊడబెరికి, ఒళ్ళో పెట్టుకుని, మళ్ళీ నడిమెట్టు మీద వచ్చి కూర్చుంది.

ఇవాళ్టికి ఇంతే చెప్పగలను. ఆస్పత్రి ఏం చెబుతుందో ఆ మొగుడూపెళ్ళాలకూ తెలియదు. మీరు మాత్రం ఈ కథ గుమ్మం దగ్గరే వదిలేసి వెళ్ళకండి. రేపు మొహం కడుక్కునేటప్పుడు అద్దం ముందు ఒక్కసారి బుగ్గ లాగి చూసుకోండి. చూసుకున్నాక, మీ ఇంట్లో మేకులు పోసుకునే మనిషి ఎవరో ఒకరు ఉండే ఉంటారు, వాళ్ళ పక్కన కూర్చుని మొదటినుంచీ చెప్పండి. చెప్పేటప్పుడు ఏ బుగ్గో మర్చిపోకండేం.